పద్దెనిమిది పౌండ్ల పందెం కారు

"మేవిస్, ఆ ఉప్పు డబ్బా ఇటివ్వమని చెప్పు."

ఉప్పు డబ్బా గేనర్ చేతికి బెత్తెడు దూరంలో ఉంది. ఆ వంటింట్లో ఉన్నదే ముగ్గురు, తండ్రీ తల్లీ కూతురూ. అయినా విల్ఫ్ బ్లూర్ మంగళవారం నుంచి కూతురితో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇవాళ శనివారం.

"మీ నాన్నకి ఉప్పు కావాలిట," అంది మేవిస్, పెనం మీద ఓట్స్ అట్టు తిరగేస్తూ.

"వినబడిందమ్మా. నాకేం చెవుడు లేదు."

"చెవుడు లేదుట," అని మొగుడికి అందించింది మేవిస్. "ఇంకేమైనా కబుర్లుంటే ఇద్దరూ ఇప్పుడే చెప్పేసుకోండి. అట్లు పొయ్యడం అయ్యాక నేను పలకను."

గేనర్ ఉప్పు జరిపింది. విల్ఫ్ అందుకున్నాడు. ఏది అందించినా థాంక్స్ చెప్పే అలవాటున్న మనిషి కాబట్టి నోరు తెరిచాడు గాని, సమయానికి గుర్తొచ్చి మూసేసుకున్నాడు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషికి ఆ పంతమేమిటో!

బల్ల మధ్యలో పాత పేపర్లో చుట్టిన చెక్క కారు ఉంది. జానెడు పొడుగు, నిలువునా రెండు ముక్కలు. నలభై నాలుగేళ్ళ కిందట ఒక చలికాలమంతా కూర్చుని విల్ఫ్ చెక్కిన బొమ్మ అది. ట్రాకు గాడిలో కరెంటుతో పరిగెత్తే బొమ్మ కార్ల పందేల్లో వాళ్ళ క్లబ్బుకి మొదటి కప్పు తెచ్చింది ఆ ఆకారమే. అప్పట్నుంచీ దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుని ప్రతి ఆదివారం తుడుచుకునేవాడు. మంగళవారం గేనర్ దాన్ని అడక్కుండా తీసింది. తల్లి ఓవెన్లో పల్చటి ప్లాస్టిక్ రేకులు మెత్తబరచి, తల్లి వాక్యూమ్ క్లీనర్‌తో కింద నుంచి గాలి లాగి, ఆ చెక్క మీద కారు పైతొడుగులు ఒకదాని తర్వాత ఒకటి అచ్చు తీసింది. ఇరవై ఐదోది తీస్తుండగా వేడికి చెక్క టప్పున పగిలింది.

"ఒక్క మాట అడిగి ఉండాల్సింది అని చెప్పు, మేవిస్."

"అడిగితే ఇవ్వనని పదిసార్లు చెప్పాడని నువ్వూ చెప్పమ్మా."

"పద్దెనిమిది పౌండ్లకి కారేమిటని అడుగు. అది కారా? క్రిస్మస్ పొట్లాల్లోంచి రాలిపడే బొమ్మ."

గేనర్ ఫోర్కు పళ్ళెంలో పడేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, పింగాణీ ఫ్యాక్టరీలో అచ్చులు పోసే చెయ్యి, ఎవరి దగ్గరా మాట పడే రకం కాదు. తండ్రి పోలికే.

"బొమ్మేనమ్మా, కాదన్నదెవరు? మన క్లబ్బుకి కొత్తవాడొస్తే మొట్టమొదట చెవిన పడేదేమిటి? మోటారుకి ఇంత, చక్రాలకి ఇంత, కారు వేగం పెంచే చేతి మీటకి ఇంత, అంతా కలిపి మూడొందలు. ఆ అంకె వినగానే వచ్చిన దారినే మెట్లు దిగిపోతారు. నా పద్దెనిమిది పౌండ్ల డబ్బాలో అన్నీ ఉన్నాయి. మోటారు, ఇరుసులు, చక్రాలు, అడుగు పలక, పైతొడుగు, ఆరు మరలు. మీట క్లబ్బు ఇస్తుంది. గంటలో బిగించుకుని నడుపుకోవచ్చు. ఆరేళ్ళయింది ఆ మెట్లెక్కి ఒక్క కొత్త మొహం వచ్చి!"

విల్ఫ్ అట్టు మీద ఉప్పు చల్లుకున్నాడు. ఆ మాట నిజమని ఆయనకీ తెలుసు.

చర్చి మేడగదిలో ఉంది క్లబ్బు. ఇవాళ సాయంత్రం నాలుగింటిలోగా ఎనిమిది మంది కొత్త సభ్యుల పేర్లు పుస్తకంలో పడకపోతే, జనవరి నుంచి ఆ గది డాన్సు క్లాసుకి ఇచ్చేస్తామని చర్చి పెద్దలు తేల్చి చెప్పారు. డాన్సు వాళ్ళకి నేల ఖాళీగా కావాలి. నాలుగు గాడులున్న పందేల ట్రాకుని విల్ఫ్ గదిలోనే పలక పలకా కోసి కట్టాడు. అది గుమ్మంలోంచి పట్టదు. రంపంతో కోస్తే తప్ప కిందికి దిగదు.

"నేను ఇవాళ రానని చెప్పు," అన్నాడు విల్ఫ్ లేస్తూ.

"నేను చెప్పను. అట్లయిపోయాయి," అంది మేవిస్.

* * *

రానన్న మనిషి పదకొండున్నరకల్లా మేడగదికి వచ్చి, కోటు విప్పకుండా ట్రాకు చివరి మలుపు దగ్గర నిలబడ్డాడు.

గేనర్ ఆయన్ని చూసి తల తిప్పేసుకుంది. ఎదురుగా చూస్తే ఏడుపొచ్చేలా ఉంది మరి. కార్లు గాడి వదిలి ఎగిరిపడితే తీసి మళ్ళీ గాడిలో పెట్టడానికి మలుపు మలుపుకీ మనిషి ఉండాలి. ఒక పందెం నడిపినవాళ్ళు మరుసటి పందేనికి మలుపుల దగ్గర నిలబడాలి, అది క్లబ్బు కట్టుబాటు. ఎంత పెద్ద విజేత అయినా సరే, ఎదుటివాడి కారు వంగి తియ్యాల్సిందే. నలభై నాలుగేళ్ళలో విల్ఫ్ ఆ పని ఒక్కసారి ఎగ్గొట్టలేదు. కూతురి మీద కోపం వేరు, కట్టుబాటు వేరు. ఆ తేడా తెలిసిన తండ్రి దొరికినందుకు గేనర్ మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

జనం వచ్చారు! గేనర్ ఫ్యాక్టరీ గేటు దగ్గరా బస్సుస్టాపుల్లోనూ అంటించిన కాగితాలు చూసి వచ్చారు. పొడుగు బల్లల దగ్గర కూర్చుని డబ్బాలు విప్పారు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా అలాగే వచ్చేసిన నర్సు లియాన్, బస్సు డ్రైవరు సాజిద్, అతని అక్క, చేపల కొట్టు మొగుడూ పెళ్ళాలు, కాలేజీలో కుండలు చెయ్యడం నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిలు.

"ఈ గీతలు ఎవరు వేశారండీ?" అని అడిగింది లియాన్, నమూనాగా పెట్టిన కారు చేతిలోకి తీసుకుని. ఎర్రటి పైతొడుగు అంచున వెంట్రుకంత సన్నటి బంగారు గీత ఉంది. ఎక్కడా వణుకు లేదు.

"మా అమ్మ," అంది గేనర్, టీ ఇచ్చే కిటికీ వైపు చూపిస్తూ. "ముప్ఫై ఒక్కేళ్ళు ఫ్యాక్టరీలో టీ కప్పుల అంచులకి గీతలు గీసింది."

"నేను లోపలికొచ్చింది ఈ గీత చూసేనండీ. మెట్ల దగ్గర పెట్టారు కదా ఒకటి."

ఆ మాట కిటికీ దాకా వెళ్ళిందో లేదో, మేవిస్ కప్పులు కడుగుతూనే ఉంది.

ఈ సందట్లో చర్చి తాళాలు చూసే బ్రెండా హీత్ టేపు పట్టుకుని గది పొడుగూ వెడల్పూ కొలుస్తోంది. "ఏమీ అనుకోకు గేనర్. డాన్సు వాళ్ళు అద్దాలు ఎక్కడ పెట్టాలో అడిగారు," అంది. మనిషి చెడ్డది కాదు గాని, ఆ టేపు చరచరమని వెనక్కి చుట్టుకుంటుంటే గేనర్ పళ్ళు జివ్వుమన్నాయి.

క్లబ్బులో పాతకాపు డెస్ గొంతు సవరించుకున్నాడు. "మొదటి నలుగురూ రండి! మీటలు పట్టుకోండి. వేలు మెత్తగా నొక్కాలి. కోడిగుడ్డు పట్టుకున్నట్టు. నేను ఒకటి అనగానే... మూడు... రెండు... ఒకటీ!"

నాలుగు కార్లూ ఒక్కసారిగా వెనక్కి దూకాయి.

నిజంగానే వెనక్కి! రెండు గాడి వదిలి నేల మీద పడ్డాయి. ఒకటి అడ్డంగా తిరిగి గాడి పక్కన కరెంటు పారే రాగి పట్టీ మీద పిచ్చెక్కినట్టు గిరగిరా తిరిగింది. నాలుగోది వెనక గోడకి కొట్టుకుని ఆగింది.

"నా బస్సు కూడా సోమవారం పొద్దున ఇదే పని చేస్తుంది," అన్నాడు సాజిద్.

ఎవరో కిసుక్కుమన్నారు. గేనర్‌కి నవ్వు రాలేదు. బల్ల మీద మిగిలిన మూడు కార్లు తిప్పి చూసింది. అన్నిట్లోనూ మోటారు తీగలు రెండూ తారుమారు. ఏడుగురూ ఒకే తప్పు చెయ్యరు కదా! తను గీసి పంచిన కాగితం చేతిలోకి తీసుకుంది. ఎర్ర తీగ ఎడమకి, నల్ల తీగ కుడికి. బొమ్మ సరిగ్గానే ఉంది. కారు వెల్లకిలా పడుకుని ఉంటే. వెల్లకిలా అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు. కొత్తవాళ్ళు కారుని బుద్ధిగా చక్రాల మీద నిలబెట్టుకుని, పైనుంచి చూస్తూ బిగించారు. కారుని అలా నిలబెట్టి తీగలు కలిపేవాళ్ళు ఉంటారని గేనర్‌కి తట్టనే లేదు.

బ్రెండా టేపు కొలవడం ఆపి జాలిగా చూసింది. ఆ జాలి ఆ టేపు కంటే అన్యాయంగా ఉంది.

"తప్పు నాదేనండీ," అంది గేనర్. "కాగితం నేనే..."

"తప్పు నీది కాదు."

అందరూ చివరి మలుపు వైపు తిరిగారు. విల్ఫ్ కోటు విప్పి రెయిలింగు మీద వేసి వస్తున్నాడు. బల్ల దగ్గరికొచ్చి లియాన్ పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"ఇలా ఇవ్వు తల్లీ. కారుని ఇలా వెల్లకిలా ఒళ్ళో పడుకోబెట్టాలి. ఇదిగో, ఈ తీగ అటు, ఆ తీగ ఇటు. అంతే. రెండు నిమిషాల పని." తల ఎత్తకుండానే అందరికీ వినబడేలా అన్నాడు. "మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు దీన్ని ఒళ్ళో పెట్టుకుని, కారుని వెల్లకిలా పడుకోబెట్టి నేర్పాను. కారుని ఇంకోలా చూడొచ్చని నేను దానికి చెప్పందే అది ఎలా గీస్తుంది? తప్పు నేర్పినవాడిది."

నాలుగు రోజుల తర్వాత తండ్రి నోట తన ఊసు! గేనర్ ఆయన పక్కన కూర్చుని సాజిద్ కారు తీగలు ఊడదీసింది.

"నాన్నా, ఆ చెక్క..."

"పని చూడు."

"లేదు, చెప్పనీ. అడక్కుండా తియ్యడం తప్పే. నాకు మంగళవారం నుంచి నిద్ర లేదు."

విల్ఫ్ మర బిగించి, చక్రం వేలితో తిప్పి చూసుకున్నాడు. "నలభై నాలుగేళ్ళు అద్దం వెనక కూర్చుని అదేం చేసింది? దుమ్ము పట్టింది. నీ చేతిలో పడ్డాక ఇరవై నాలుగు కార్లయింది." కారు లియాన్‌కి అందించి, "ఆరేళ్ళుగా ఈ మెట్ల మీద ఎవరి అడుగులైనా వినబడతాయేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. నువ్వు వినిపించావు. థాంక్స్ అమ్మా," అన్నాడు.

ఉప్పుకి చెప్పాల్సింది కూడా అందులో కలిపి చెప్పాడో ఏమో, ఆ ఒక్క మాటకి గేనర్ కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

* * *

తర్వాత మూడు గంటలూ ఎలా గడిచాయో ఎవరికీ తెలియలేదు. చేపల కొట్టావిడ మొగుణ్ణి నాలుగుసార్లు ఓడించి, తన వంతుకి మలుపు దగ్గర నిలబడ్డప్పుడు ఆయన కారు గాడి వదిలితే కావాలని మెల్లగా తీసింది. "ఇంటికి పద, నీ పని చెబుతా!" అని ఆయన అరిచాడు. కాలేజీ అమ్మాయిలు మలుపుల దగ్గర నిలబడడం నడపడం కంటే బాగుందన్నారు. మూడొందల పౌండ్ల కారున్న డెస్ ఒక పందేనికి పద్దెనిమిది పౌండ్ల కారు అరువు తీసుకుని సాజిద్ అక్క చేతిలో చిత్తుగా ఓడిపోయి, "ఈ మీట నాకు కొత్త," అని సాకు చెప్పాడు. ఆ మీట ఆయన ఇరవై ఏళ్ళుగా వాడేదే.

ఒక్కొక్కళ్ళూ వెళ్ళి పుస్తకంలో పేరు రాశారు. మధ్యలో ఒకాయన మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోంచి చూసి, పొరపాటున వచ్చానని దిగిపోయాడు.

నాలుగుకి ఇరవై నిమిషాలుందనగా బ్రెండా పుస్తకం తెరిచింది. వేలితో ఒక్కో పేరూ తాకుతూ చదివింది.

"ఏడు," అంది. మళ్ళీ చదివింది. "ఏడే గేనర్. పెద్దలు ఎనిమిదన్నారు. నాకు ఇష్టమై చెయ్యడం లేదమ్మా, ఇవాళ మిమ్మల్నందర్నీ చూశాక అసలే లేదు. కాని ఆ మాట మార్చడం నా చేతిలో పని కాదు."

విల్ఫ్ ట్రాకు అంచు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎక్కణ్ణుంచి కొయ్యాలో చూసుకుంటున్నాడా అనిపించింది గేనర్‌కి.

"మరి ఆవిడ?" అంది లియాన్. అమాయకంగానే అడిగింది. "గీతలు గీసే ఆవిడ. ఆవిడ పేరు ముందునుంచీ ఉందా?"

గదిలో పాతవాళ్ళందరూ టీ కిటికీ వైపు చూశారు. తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేక బూట్లు చూసుకున్నారు.

మేవిస్ కప్పు తుడుస్తోంది. "నా పేరు ఎందుకుంటుందమ్మా?" అంది. "నలభై నాలుగేళ్ళుగా ఈ కప్పులన్నీ నాకు తెలుసు. ఏది ఎవరిదో, ఎవరికి ఎన్ని చెంచాల చక్కెరో తెలుసు. ఆ మీట ఎంత బరువుంటుందో మాత్రం తెలీదు."

"నువ్వెప్పుడూ అడగలేదుగా మేవిస్," అన్నాడు డెస్, మెల్లగా.

"మీరు అడిగారా డెస్?"

డెస్ తన మీట తీగ చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

గేనర్ మొహం మండిపోయింది. డెస్ సంగతి సరే, తనేం చేసింది? అమ్మ ఓవెన్, అమ్మ వాక్యూమ్ క్లీనర్, అమ్మ కుంచె. కార్లు మాత్రం ఊళ్ళో వాళ్ళకి. బస్సుస్టాపుల్లో కాగితాలు అంటించుకుంటూ తిరిగింది గాని, రోజూ అట్టు పోసిపెట్టే మనిషికి ఒక్క డబ్బా ఇవ్వాలని తోచలేదు. "అమ్మా," అంది. "నన్ను క్షమించు. నాకు... నాకు ఎలా తట్టలేదో..."

"ఆగు. నేను కూడా మంచిదాన్నేం కాదు." మేవిస్ కప్పు పక్కన పెట్టింది. "నిజం చెప్పెయ్యనా? ఈ గది పోతే పోనీ అనుకున్నాను. జనవరి నుంచి శనివారాలు నావి అవుతాయనుకున్నాను. లాండుడ్నో వెళ్ళే బస్సు ఎన్నింటికో కూడా కనుక్కున్నాను. సముద్రం ఒడ్డున కూర్చుని, ఎవరో కాచి ఇచ్చిన టీ తాగాలని ఉంది నాకు. మీరందరూ ఈ వారమంతా ఏడుపు మొహాలు పెట్టుకుని తిరుగుతుంటే నాలో నేను రోజులు లెక్కపెట్టుకున్నాను."

విల్ఫ్ నడిచి వెళ్ళి కిటికీ ముందు నిలబడ్డాడు. టీ కోసం కొన్ని వేలసార్లు నిలబడిన చోటే. ఇవాళ ఆయన చేతిలో కప్పు లేదు.

"నీకు నేనెన్నిసార్లు థాంక్స్ చెప్పి ఉంటాను మేవిస్?"

"టీ ఇచ్చినప్పుడల్లా చెప్పావు. అందులో వంక పెట్టను."

"టీకి కాదు." ఆయన గది వైపు చెయ్యి చూపించాడు. "ఈ గదికి. నువ్వు లేకపోతే ఇక్కడ ఒక్క శనివారం నడిచేది కాదు. నాకు తెలియక చెప్పలేదనుకోకు. తెలుసు. చెబితే నీ శనివారాలు నువ్వు తిరిగి అడుగుతావని భయపడి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. పేరు రాయమని నిన్ను అడగను. ఈ గది కోసం నిన్నింక ఏమీ అడగను. లాండుడ్నో కావాలంటే సోమవారం పొద్దున రంపం నేనే తెస్తాను. ఈ ట్రాకు మీద ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వను, నేనే కోస్తాను. కోశాక ఆ బస్సెక్కి నీ పక్కన కూర్చుంటాను."

మేవిస్ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ మనిషి ఊరికే అనే మాటలు కావవి. ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఏప్రన్ విప్పింది. మడిచి కిటికీ మీద పెట్టి, పక్క తలుపులోంచి గదిలోకి వచ్చింది.

"బ్రెండా, ఎంతయింది?"

"నాలుగుకి పన్నెండు నిమిషాలు."

"ఎవరైనా నాకో కారు ఇస్తారా?"

"నాది తీసుకోండి," అని లియాన్ తన ఎర్ర కారు రెండు చేతులతో పట్టుకొచ్చింది. గేనర్ మీట తెచ్చి తల్లి చేతిలో పెట్టి, వేళ్ళు సర్దబోయింది. మేవిస్ ఆ చెయ్యి తట్టి పక్కకి తోసింది.

ఎవరూ చెప్పలేదు గాని, ఏడుగురు కొత్తవాళ్ళూ వెళ్ళి మలుపుల దగ్గర నిలబడ్డారు. డెస్ కూడా వెళ్ళాడు. చివరి మలుపుకి విల్ఫ్ వెళ్ళాడు.

"మెల్లగా నొక్కు మేవిస్. మలుపు రాకముందే వదిలెయ్యి..."

"నాకు చెప్పకు. నా చెయ్యి వణకదు."

చెయ్యి వణకలేదు గాని వేలు గట్టిగానే పడింది. కారు మొదటి మలుపులోనే గాలిలోకి లేచి సాజిద్ పొట్టకి తగిలింది. మేవిస్ పకపకా నవ్వింది. గేనర్ తల్లి అలా నవ్వగా విని ఎన్నేళ్ళయిందో! సాజిద్ కారు గాడిలో పెట్టాడు. ఈసారి మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. చివరి మలుపులో తోక ఊపి పక్కకి పడింది. విల్ఫ్ వంగి, రెండు వేళ్ళతో తీసి, కారు అడుగున కరెంటు అందుకునే అల్లిక తీగలు రాగి పట్టీ మీద సరిగ్గా ఆనేలా పెట్టి, చెయ్యి తీసేశాడు. ఏమీ అనలేదు. మళ్ళీ పడింది. మళ్ళీ పెట్టాడు.

ఐదోసారి కారు చుట్టంతా తిరిగొచ్చి గీత దాటింది. గదిలో వాళ్ళందరూ కేకలు పెట్టారు. మేవిస్ మాత్రం వాళ్ళ వైపు చూడలేదు. కారు ఆపనూ లేదు.

బ్రెండా కలం మూత తీసి, పుస్తకంలో ఏడో పేరు కింద గీత మీద ఆనించింది. గడియారం చూసింది. "మేవిస్, నాలుగు నిమిషాలే ఉంది. రాయనా, వద్దా? ఏదో ఒకటి చెప్పు."

"ఆగవే బ్రెండా," అంది మేవిస్, కళ్ళు కారు మీంచి తిప్పకుండా. "మలుపులో ఉన్నాను."